రెండు రోజులకు ఒక్క ఏరు చాలు

సంపాదకులకు నమస్కారం.

ట్రౌట్ చేపల కోసం కారేసుకుని ఫ్లై ఫిషింగ్‌కి వెళ్లడం గురించి పోయిన ఆదివారం మీ అనుబంధంలో పేజీ నిండా వ్యాసం వేశారు. ఫ్లై ఫిషింగంటే పురుగులా కనపడే నకిలీ ఈగని కొక్కేనికి కట్టి చేపలు పట్టడం. ఈ సరదాకి తెలుగులో ఇంత చోటు దొరికిందని ముందు సంతోషించాను. కానీ "రెండు రోజుల్లో నాలుగు నదులు" అన్న శీర్షిక చదవగానే నాకు నడుం నొప్పి గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట మేం వేసుకున్న మొదటి ప్లాను అచ్చం అలాంటిదే. మీ వ్యాసంలో నాలుగు నదులు, మా ప్లానులో మూడు, అంతే తేడా. ఆ వ్యాసం నమ్మి ఎవరైనా బ్యాగు సర్దుకునేలోపు ఈ ఉత్తరం అచ్చులో వస్తే బాగుంటుందని రాస్తున్నాను.

నేను రిటైరైన ఫిజిక్స్ మాస్టర్ని. గాలం వేయడంలో మొనగాణ్ణేం కాదు. ఇప్పటికీ పది సార్లు విసిరితే మూడు సార్లు వెనకున్న కొమ్మకే తగులుకుంటుంది. తప్పులు చేయడంలో మాత్రం మంచి అనుభవం ఉంది.

మా మొదటి ప్లానుని మా మేనల్లుడు ఎక్సెల్ షీటులో వేశాడు. ఏ నది దగ్గర ఎన్నింటికి దిగాలి, ఎన్నింటికి బయల్దేరాలి, మధ్యలో ఎన్ని కిలోమీటర్లు, అన్నీ రంగురంగుల గళ్లలో ఉన్నాయి. రైల్వే టైమ్‌టేబుల్ అంత ముచ్చటగా ఉంది. నీళ్లు ఎలా ఉంటాయో రాసుకునే గడి ఒక్కటే అందులో లేదు. కారు నడిపేది మా బావమరిది. షీటు చూసి అతను "బావా, ఇందులో చేపలు పట్టేది ఎప్పుడు?" అని అడిగాడు. మేం నవ్వేసి ఊరుకున్నాం. నిజానికి ఆ రెండు రోజుల్లో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

మొదటి ఏటి దగ్గరకు పదకొండింటికి చేరాం. కారు దిగడం, వేడర్లంటారే, ఛాతీ దాకా వచ్చే ఆ నీళ్లు చొరని ప్యాంట్లు, అవి తొడుక్కోవడం, రాడ్డు ముక్కలు కలపడం, రింగుల్లోంచి లైననే గాలం దారం ఎక్కించడం, దాని చివర లీడరనే సన్నటి దారం, లీడరు చివర ఈగ కట్టడం. ముప్పావుగంట పట్టింది. నేనైతే మధ్యలో ఒక రింగు వదిలేసి లైను ఎక్కించాను, కట్టిన ఈగని తెంపి మళ్లీ మొదలెట్టాల్సొచ్చింది. తీరా నీళ్లలో నిలబడింది గంటన్నర. ఎక్కడ లోతుంది, ఎక్కడ రాయి జారుతుంది, ఒరవడి ఎటు తిరుగుతోంది అని కాస్త అర్థమవుతున్న సమయానికి మేనల్లుడు ఒడ్డు మీద నుంచి "మామయ్యా, టైమైపోయింది" అంటూ ఫోను ఊపాడు. తడి బూట్లు డిక్కీలో పడేసి బయల్దేరాం.

రెండో నదికి చేరింది మధ్యాహ్నం మూడున్నరకి. నడివేసవి. నీళ్లు తేటగా, మోకాళ్ల లోతులో, చూడ్డానికి ఎంతో బాగున్నాయి. కాలికి చల్లగా కూడా తగల్లేదు, హాయిగా ఉందనుకున్నాం. అరగంటలో నా జీవితంలో మొదటి ట్రౌట్ పడింది. జానెడు కంటే కాస్త పెద్ద రెయిన్‌బో, పక్కన గులాబీ చార. లైను చివరి దారం మరీ సన్నంగా ఉందని, తెగుతుందేమోనని భయపడి చాలాసేపు ఆడించాను. ఒడ్డుకి తెచ్చి రెండు చేతులతో పైకెత్తాను. పొడి చేతులతోనే. మేనల్లుడు ఫొటో తీశాడు, వెలుగు ఎదురుగా ఉందని ఇటు తిరగమని ఇంకోటి తీశాడు. తర్వాత నీళ్లలో వదిలితే అది పక్కకి ఒరిగి తెల్లటి పొట్ట చూపించింది. కంగారుపడి నిటారుగా పట్టుకున్నాను. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఆ రెండింటి మధ్య ఎడం పెరుగుతోంది. కాసేపటికి తోక కదిలించి మెల్లగా వెళ్లిపోయింది. బతికిందిలే అని మేం ముగ్గురం చప్పట్లు కూడా కొట్టాం. పది నిమిషాల తర్వాత కాస్త దిగువన రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని కనిపించింది అదే చేప.

దగ్గర్లో ఒడ్డున కూర్చున్న ఒక పెద్దాయన అంతా చూస్తూనే ఉన్నాడు. లేచి వచ్చి జేబులోంచి దారం కట్టిన థర్మామీటరు తీసి నీళ్లలో ముంచాడు, నిమిషం ఆగి తీసి నా ముఖం ముందు పెట్టాడు. ఇరవై రెండు డిగ్రీలు. ఒక్క మాట కూడా అనలేదు. అనుంటేనే బాగుండేదేమో. ముప్పై ఏళ్లు పిల్లలకు ఉష్ణోగ్రత పాఠం చెప్పినవాణ్ణి, థర్మామీటరు లేకుండా ఏట్లోకి దిగాను.

సంపాదకుల వారూ, మీ వ్యాసంలో లేనిది ఈ ఒక్క వస్తువే. రాడ్లు, దారం చుట్టే రీళ్లు, టోపీలు, నల్ల కళ్లద్దాలు అన్నీ చెప్పారు, థర్మామీటరు ఊసు లేదు. ట్రౌట్ చన్నీటి చేప. నీళ్లు దాదాపు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటే చురుగ్గా తింటుంది, పట్టి వదిలినా కోలుకుంటుంది. 18 దాటితే ఆలోచించాలి, 20 దగ్గర గాలం చుట్టేయాలి. కారణం తేలికే. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్ర మట్టం దగ్గర 10 డిగ్రీల నీళ్లు లీటరుకి 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకోగలవు, 20 డిగ్రీలకొచ్చేసరికి అది తొమ్మిదికి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, ఎందుకంటే దానికి మనలాగా సొంత ఒంటి వేడి లేదు, నీటి వేడే దాని వేడి. జీతం తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు లాంటిది దాని పరిస్థితి. అలాంటి ఇంటికి చుట్టాలొచ్చినట్టు మనం గాలంతో వెళ్లి పరుగులు పెట్టిస్తాం.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో దీనికి ఒక పద్ధతుంది. నీటి వేడి వరుసగా మూడు రోజులు 73 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే 23 సెల్సియస్ దగ్గర్లోకి వస్తే మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా ఆ నదిలో గాలం వేయకుండా ఆంక్ష పెడతారు. దాన్ని గుడ్లగూబ ఆంక్ష అంటారు. ఎండాకాలం అడవి తగలబడుతుందన్న భయంతో కలప కొట్టేవాళ్లు గుడ్లగూబలు ఇంకా కూస్తుండగానే పనిలోకి దిగి ఎండ ముదరక ముందే ఆపేసేవాళ్లట, ఆ పేరే దీనికీ వచ్చింది. మనకి గుడ్లగూబ కూత అపశకునం గానీ ట్రౌట్‌కి మాత్రం శుభశకునమే.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. మధ్యాహ్నం వద్దులే, సాయంత్రం చల్లబడ్డాక వెళ్దాం అనుకుంటారు. గాలి చల్లబడుతుంది, నీళ్లు అంత తొందరగా చల్లబడవు. ఎండ పన్నెండింటికి నడినెత్తిన ఉంటే ఏరు బాగా వేడెక్కేది నాలుగు, ఆరు గంటల మధ్య. రాత్రంతా చల్లారి తెల్లవారుజామున బాగా చల్లగా ఉంటుంది. కాబట్టి వేసవిలో ట్రౌట్ ట్రిప్పంటే తెల్లవారుజాము ట్రిప్పే. ముందు రోజు రాత్రి పన్నెండింటి దాకా కారు నడిపి లాడ్జికి చేరేవాళ్లు తెల్లారకముందే ఏటి దగ్గర ఉండలేరు. కిలోమీటర్లు పెరిగే కొద్దీ మంచి గంటలు పోతాయని నేననేది ఇందుకే.

మా మూడో నది సంగతి త్వరగా ముగిస్తాను. రాత్రి ఎగువన ఎక్కడో వాన పడింది. ఉదయం మేం వెళ్లేసరికి నీళ్లు బురద రంగులో ఒడ్డుని ఒరుసుకుంటూ పోతున్నాయి. మోకాలి లోతులో నిలబడితే నా బూట్లు నాకే కనపడలేదు. ఆ నీళ్లలో కందిగింజంత ఈగని చేప చూస్తుందనుకోవడం మా పిచ్చి. మూడు గంటల ప్రయాణం చేసి పావుగంట ఒడ్డున నిలబడి తిరిగొచ్చాం.

ఇదీ ముందే తెలుసుకోవచ్చు. క్యూసెక్కులంటే మన పాఠకులకి కొత్త కాదు. వానాకాలం వస్తే మీ పత్రికలోనే రోజూ ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో అంత అని వేస్తుంటారు. సెకనుకి ఇన్ని ఘనపుటడుగుల నీళ్లని అర్థం. చేపల కోసం వెళ్లేవాళ్లూ చూసుకోవాల్సింది ఆ అంకెనే. చాలా నదులకి కొలత కేంద్రాలుంటాయి, వాటి లెక్కలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఒక నదికి 200 క్యూసెక్కులు వరద, ఇంకో నదికి అదే కరువు. ఈ నెలలో ఆ నదికి మామూలుగా ఎంత ఉంటుంది, ఈ మూడు రోజులుగా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడాలి. పెరుగుతుంటే ఇంట్లో ఉండటం మేలు. వరద తగ్గి తేరుకుంటున్న నీళ్లైతే సెలవు పెట్టి మరీ వెళ్లొచ్చు.

డ్యాము కింద పారే ఏరు ఇంకో రకం. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, అందుకే లోతైన జలాశయాల అడుగున నడివేసవిలో కూడా చల్లటి నీళ్లే ఉంటాయి. డ్యాము అడుగు నుంచి వదిలితే దిగువన ఏరంతా చల్లగా ఉండి ట్రౌట్‌కి స్వర్గమవుతుంది. అన్నిచోట్లా వేడెక్కిన వారంలో ఇలాంటి చోటే దిక్కు. అయితే అక్కడ నీళ్లు చెప్పాపెట్టకుండా పెరుగుతాయి. నీళ్లు వదిలే వేళలు ముందే కనుక్కోవాలి, సైరన్ వినపడితే చేప గాలానికి ఉన్నా సరే బయటికి రావాలి. నేను దిగే ముందు నీటి అంచున ఒక తెల్లరాయి పెట్టుకుంటాను. ఆ రాయి తడిసిందంటే ఇక ఆలోచించను, ఒడ్డెక్కేస్తాను. మీ వ్యాసకర్త ఇచ్చిన నాలుగు నదుల జాబితాలో ఏది డ్యాము కిందిదో, ఏది కొండ వాగో కూడా చెప్పలేదు.

ఒక్క ట్రిప్పులో నదులు మారడం వల్ల ఇంకో నష్టం ఉంది, అది మనకి కాదు, నదులకి. మేం మొదటి ఏట్లో తడిసిన బూట్లతోనే రెండో నదిలో దిగాం. అప్పటికి తెలియదు. బూటు కింది బురదలో, లేసు మడతల్లో కంటికి కనపడని నాచు, నత్తలు, పరాన్నజీవులు ఒక నది నుంచి ఇంకో నదికి ప్రయాణం చేస్తాయి. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు బయటపడింది, రాళ్ల మీద మురికి దూదిలా పరుచుకుంటుంది. తడి పట్టి ఉంచే ఫెల్టు అడుగుల బూట్లని ఆ దేశం 2008లో నిషేధించింది. మీ వ్యాసంలో మాత్రం పాచి రాళ్ల మీద జారకుండా ఫెల్టు బూట్లే కొనుక్కోమని సలహా ఇచ్చారు! జారదు, నిజమే. కానీ వెళ్లే చోట అవి చెల్లుతాయో లేదో చూసుకోకుండా కొనడం దండగ. ఫెల్టు కాకపోయినా సరే, ఇంకో నదిలో దిగాలంటే బూట్లు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, ముట్టుకుంటే పొడిగా అనిపించాక కూడా మరో రెండు రోజులు ఆగమంటారు. రెండు రోజుల ట్రిప్పులో అన్నేసి రోజులు ఎక్కడివి? నాలుగు నదులంటే నాలుగు జతల బూట్లు తీసుకెళ్లాలన్నమాట.

సామాన్ల గురించి మీవాళ్లు చాలా రాశారు, నేను ఎక్కువ రాయను. మొదటిసారి వెళ్లేవాళ్లకి తొమ్మిదడుగుల 5 నంబరు రాడ్డు ఒక్కటి చాలు. ఆ నంబరేమిటంటే, మామూలు గాలంలో ఎర బరువు దారాన్ని లాక్కుపోతుంది, ఇందులో ఈగకి బరువే లేదు కాబట్టి దారమే బరువుగా ఉండి ఈగని మోసుకుపోతుంది. 5 నంబరు లైనులో ముందు 30 అడుగులు దాదాపు 9 గ్రాములు తూగుతాయి. రాడ్డుకి, లైనుకి నంబరు కలవకపోతే ఎంత ఊపినా లాభం లేదు. బయల్దేరే ముందు రోజు పెరట్లోనో మేడ మీదో ఒకసారి అన్నీ బిగించి చూసుకోండి. మా బావమరిది ఒకసారి రాడ్డు ఇంట్లో, రీలు కార్లో పెట్టి వచ్చాడు. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడపాలి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. వేడర్లకి నడుం బెల్టు తప్పకుండా పెట్టుకోవాలి, పడితే లోపలికి నీళ్లు నిండకుండా కొంత ఆపుతుంది. లైసెన్సు, ఏ నెలల్లో మూసి ఉంటుంది, ముల్లు ఉన్న కొక్కేలు వాడొచ్చా లేదా, ఇవి ప్రతి చోటా వేరు, ప్రతి ఏటా మారొచ్చు. పోయినేడాది చదివింది నమ్మొద్దు.

నా మాస్టరు బుద్ధి పోనిచ్చుకోలేక ఒక్క పాఠం చెప్తాను. చేపకి నీళ్ల లోపల్నుంచి పై లోకమంతా ఒక గుండ్రటి కిటికీలోంచి కనపడుతుంది. నీళ్లలోకి వచ్చే కాంతి వంగడం వల్ల ఆకాశం, చెట్లు, ఒడ్డున మనం, అన్నీ దాదాపు 97 డిగ్రీల శంకువులోకి ఒదిగిపోతాయి. నేలకి దగ్గరగా ఉన్నవి ఆ కిటికీ అంచుల్లో నలిగిపోయి కనపడతాయి. అందుకే వంగి నడిచేవాడు చేపకి దాదాపు కనపడడు, నిటారుగా నిలబడి చేతులూపేవాడు స్పష్టంగా కనపడతాడు. పైగా ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది కాబట్టి దిగువ నుంచి, దాని వెనకవైపు నుంచి వెళ్లాలి. ఈ పాఠం నేను క్లాసులో ఎన్నో ఏళ్లు చెప్పాను. ఏట్లో నిలబడితే గానీ నాకే అర్థం కాలేదు. ఇంత జాగ్రత్తగా ఒక చేపని సమీపించడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది. గంటన్నరలో నది మారే షెడ్యూల్లో దీనికి చోటుండదు.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం. ఈసారి ప్లాను నేను వేశాను, ఒక చిత్తు కాగితం మీద. ఒక్క ఏరు, రెండు రాత్రులు, ఏటికి పది నిమిషాల దూరంలో బస. నీళ్లు వేడెక్కితే వెళ్లడానికి అదే ఏటి ఎగువన, కొండలో, ఇంకో చోటు. అంతే. మా బావమరిది ఈ కాగితం చూసి "పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలంటారు గానీ బావా, నువ్వు నిజంగానే నీళ్లలో నిలబెడతావా?" అన్నాడు.

మొదటి సాయంత్రం రాడ్లు తీయలేదు. గట్టు మీద కూర్చుని గంటసేపు నీళ్లే చూశాం. మేనల్లుడికి పది నిమిషాలకే విసుగొచ్చింది గానీ తర్వాత వాడే ముందు కనిపెట్టాడు, వేగంగా పోయే నీళ్లకీ నెమ్మది నీళ్లకీ మధ్య ఒక గీత ఉందని, ఆ గీత వెంబడే బుడగలు పోతున్నాయని, అక్కడే అప్పుడప్పుడూ నీటి మీద ఉంగరాలు లేస్తున్నాయని. తిండి కొట్టుకొచ్చేది వేగంగా పోయే నీళ్లలో, శ్రమ లేకుండా నిలబడగలిగేది నెమ్మది నీళ్లలో. ఆ సరిహద్దున నిలబడితే రెండూ కలిసొస్తాయి. తర్వాత లోతు తక్కువున్న చోట రాళ్లు రెండు మూడు తిప్పి చూశాం. కింద చదునుగా, మూడు తోకలతో పాకే పురుగులు. మేఫ్లై పిల్లలు, నింఫ్‌లంటారు. చూసి రాళ్లని ఉన్నచోటే పెట్టేశాం. మర్నాడు ఏ ఈగ కట్టాలన్న టెన్షన్ అక్కడితో తీరిపోయింది.

తెల్లవారి ఐదున్నరకి నీళ్లు 11 డిగ్రీలు. పదిన్నరకి 15. ఒంటిగంటకి 18 చూడగానే రాడ్లు విప్పేసి చెట్టు కింద పడుకున్నాం. ఆ పూటకి నాకు రెండు చిన్నవి పడ్డాయి, మిగతా ఇద్దరికీ ఏమీ లేదు. ఎవరూ గొణగలేదు, ఎందుకంటే ఎక్కడికీ పరుగెత్తాల్సిన పని లేదు.

రెండో రోజు మబ్బు పట్టింది. రోజంతా 14 దాటలేదు. పన్నెండు ప్రాంతంలో నీటి మీద చిన్న చిన్న రెక్కల పురుగులు తేలడం మొదలైంది. వాన వెలిశాక దీపం చుట్టూ మూగే ఉసిళ్లు గుర్తొచ్చాయి నాకు, అయితే ఇవి వేరే జాతి, ఉసిళ్ల కంటే చాలా చిన్నవి, రెక్కలు వీపు మీద నిటారుగా నిలబెట్టుకుని నీటిమీద కూర్చుంటాయి. నింఫ్‌గా నీళ్లలో నెలల తరబడి, కొన్ని ఏడాది దాకా బతికి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ట్రౌట్‌లకి ఆ రోజు పండగే. మేనల్లుడు 18 నంబరు ఈగ కట్టాడు. కొక్కేల లెక్కలో నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది, 18 అంటే బియ్యపుగింజంత. విసిరిన రెండు సార్లూ లైనుని నీళ్లు లాగడంతో ఈగ బుడగల కన్నా వేగంగా పోయింది, చేప పట్టించుకోలేదు. మూడోసారి లైనుని ఎగువ వైపుకి తిప్పి వేశాడు, ఈగ బుడగలతో పాటే నడిచింది. నీటి మీద చిన్న ముద్దు చప్పుడు. అంతే, రాడ్డు వంగింది.

ఆ చేపని వాడు ఎక్కువ ఆడించలేదు. రబ్బరు వలబుట్ట నీళ్లలోనే ఉంచి అందులోకి తీసుకున్నాడు. చేతులు తడుపుకున్నాడు, ఎందుకంటే చేప ఒంటి మీది జిగురు పొరే దానికి కవచం, పొడి చెయ్యి తగిలితే ఊడొస్తుంది. బ్రౌన్ ట్రౌట్ అది. పొట్ట వెన్న రంగు, పక్కల మీద ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేతరంగు వలయం. ముల్లు ముందే నొక్కేసిన కొక్కెం కాబట్టి వేలితో తిప్పగానే ఊడిపోయింది. వలబుట్ట వంచి, చేప తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి వాడు చెయ్యి తీసేలోపే అది తోకతో వాడి కళ్లద్దాల మీద నీళ్లు కొట్టి వెళ్లిపోయింది. ఫోను కార్లో ఉంది, ఫొటో లేదు. మా బావమరిది ఒడ్డు నుంచి "ఒరే, ఇది నీ షీటులో ఏ గడిలో రాస్తావురా?" అని అరిచాడు.

ఇంకో చిన్న సంగతి చెప్పి ఆపుతాను. ట్రౌట్ కోసం మనుషులు చేసే ప్రయాణాల గురించి మీ వ్యాసంలో రాశారు గానీ ట్రౌట్ చేసిన ప్రయాణాల ముందు అవేపాటి? 1864లో ఇంగ్లండ్ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లని నాచులో చుట్టి, ఓడలో మంచుగడ్డల మధ్య పెట్టి, దాదాపు మూడు నెలలు సముద్రం మీద మోసుకెళ్లి ఆస్ట్రేలియాలోని టాస్మానియాకి చేర్చారు. భూమధ్యరేఖ దాటి మరీ వెళ్లాయి. దారిలో ఆ గుడ్లని బతికించింది చల్లదనమే. ఆ ఓడ మనుషులకి అప్పట్లోనే తెలిసిన సంగతి 22 డిగ్రీల నీళ్లలో నిలబడిన నాకు తెలియకపోవడం నన్నిప్పటికీ గుచ్చుతుంది.

మీకు నా విన్నపాలు రెండు. ఒకటి, ఆ వ్యాసంలో మూడో కాలమ్‌లో "ఎండ బాగా కాసే మధ్యాహ్నం వేళ చేపలు చురుగ్గా ఉంటాయి" అని ఉంది. చల్లటి వసంతంలో అది కొంత నిజం కావచ్చు, వేసవి సెలవుల ట్రిప్పుకి మాత్రం పూర్తిగా తప్పు. దయచేసి సవరణ వేయండి. రెండు, వ్యాసం పైన వేసిన ఫొటోలో ఒకాయన ఎండలో, పొడి రాళ్ల మీద మోకరిల్లి, మొప్పల్లో వేళ్లు దూర్చి ట్రౌట్‌ని పట్టుకుని నవ్వుతున్నాడు. కింద "పట్టి వదిలేయడంలోనే ఆనందం" అని రాశారు. ఆ చేప బతకదు. వీలైతే ఆ ఫొటో మళ్లీ వాడకండి.

ఇట్లు
మీ పాత చందాదారు, ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు